చెప్పులు చూసి వచ్చాడట

ఆ వీధిలో అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అనేవారు. పొద్దున షట్టరు ఎత్తినప్పటి నుంచి సాయంత్రం దించేదాకా లాండ్రీ వెనక గదిలో ఆవిరి ఇస్త్రీపెట్టె పట్టుకుని నిలబడే ఉండేది. ఆ గదికి ఒకటే కిటికీ. బాయిలరు గొట్టం గోడ పక్కనుంచే పోతుంది కాబట్టి లోపలికి వెళ్లినవాళ్లెవరైనా కాసేపటికే మొహం తుడుచుకుంటూ బయటపడేవారు. ఆమెకు ముందు ఆ పనిలో చేరినవాళ్లలో ఒక్కరూ వేసవి దాటి నిలవలేదు. ఈమె మాత్రం ఏళ్ల తరబడి ఉంది. ఫ్యాను పెట్టిస్తానని ఓనరు అంటే వద్దంది. నడి ఎండాకాలంలో కూడా వద్దనేసరికి ఆయన ఆశ్చర్యపోయి, కరెంటు కలిసొచ్చిందని లోలోపల సంతోషించి, ఆ మాట మళ్లీ ఎత్తలేదు.

పని మాత్రం చక్కగా చేసేది. చొక్కా కాలరు దగ్గర ఒక్క ముడత ఉండనిచ్చేది కాదు. బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్లు ఏదైనా పలకరిస్తే నవ్వి ఊరుకునేది. ఎవరితోనూ తగువు లేదు, ఎవరితోనూ చనువూ లేదు. ఆమె రాని రోజున, ఇస్త్రీ బట్టలు ఆలస్యమయ్యాయని తప్ప, అక్క ఏమైందని అడిగేవాళ్లు లేరు.

ఉండేది ఒక మేడ మీద ఒంటిగదిలో. తలుపు తీయగానే మంచం, అటు వంటగట్టు, మూలన ఒక ఫ్రిజ్. ఆ ఫ్రిజ్‌కి ప్లగ్గు పెట్టి చాలా కాలమైంది. అరల నిండా దుప్పట్లు, తువ్వాళ్లు, మడతపెట్టిన బట్టలు. దాని తలుపు పూర్తిగా మూసుకోకుండా సందులో ఒక గుడ్డ పేలిక దోపి ఉండేది. ఇంటావిడ ఒకసారి చూసి, బాగు చేయిస్తే మంచి ఫ్రిజ్ కదా, మావారికి తెలిసిన మెకానిక్ ఉన్నాడంది. బీరువా లేదు కదండీ, ఇలా పనికొస్తోంది, ఉండనివ్వండి అంది ఈమె. ఫ్రిజ్ అసలు పాడే కాలేదన్న సంగతి ఆమెకొక్కదానికే తెలుసు.

పెళ్లయిన కొన్నేళ్లకే భర్త ఇంకో ఆవిడతో వేరే ఊరు వెళ్లి స్థిరపడ్డాడు. పిల్లలు లేరు. తిరిగి తల్లి దగ్గరికి వచ్చేసింది. ఇద్దరూ ఒకరికొకరు తోడుగా బతికారు. తల్లి పోయాక మిగిలింది ఒక చెల్లెలు. ఆమె ఎక్కడో దూరాన భర్తతో, ఇద్దరు పిల్లలతో సంసారంలో మునిగి తేలుతూ ఆదివారం ఆదివారం ఫోన్ చేసేది. పిల్లల దగ్గులు, మార్కులు, అత్తగారి మోకాళ్లు, అన్నీ చెప్పి, చివర్లో నువ్వెలా ఉన్నావక్కా అని అడిగేది. బాగానే ఉన్నానే అనేది ఈమె. అక్కడితో ఆ వారం మాటలు అయిపోయేవి.

బాగా లేదన్న సంగతి ఆమె ఒళ్లే చెప్పింది. ముందు నిద్ర దూరమైంది. తర్వాత ఆకలి పోయింది. ఆ తర్వాత అన్నం ఎందుకు వండాలో, తల ఎందుకు దువ్వుకోవాలో కూడా తోచని స్థితి వచ్చింది. రెండు రోజులు వరసగా పనికి వెళ్లకుండా గోడకేసి తిరిగి పడుకుంది. మూడో రోజు తనంతట తానే లేచి, వీధి చివర ఉన్న చిన్న ఆస్పత్రికి వెళ్లింది.

అక్కడి డాక్టరు పెద్దాయన. బయట బెంచీల నిండా దగ్గేవాళ్లు, జ్వరాల పిల్లలు, షుగరు వాళ్లు. అంత రద్దీలోనూ ఆయన మనిషి మొహంలోకి చూసి మాట్లాడేవాడు. ఇది డిప్రెషన్ అని చెప్పాడు. ఒంటికి జబ్బు చేసినట్టే మనసుకీ చేస్తుందమ్మా, సిగ్గుపడాల్సిన పనేం లేదన్నాడు. ఇంట్లో ఏమైనా కష్టాలా అని అడిగితే భర్త సంగతి, తల్లి పోయిన సంగతి చెప్పింది. అవి చాలు అనుకున్నాడాయన. ఎవరైనా అలాగే అనుకుంటారు. అంతకన్నా లోతుకి తవ్వి చూడాల్సిన అవసరం కనబడలేదు.

మందులు పనిచేయలేదని కాదు. మంచం మీద నుంచి లేపాయి, పనికి పంపాయి, రెండు ముద్దలు తినిపించాయి. కానీ అక్కడే ఆగిపోయాయి. డాక్టరు మోతాదు పెంచాడు, మాత్ర మార్చాడు, నిద్రకి ఇంకోటి కలిపాడు. వెళ్లినప్పుడల్లా ఎలా ఉందమ్మా అని అడిగేవాడు. పర్వాలేదండీ అనేది. ఆ రెండు మాటల మధ్యే మూడేళ్లు గడిచిపోయాయి.

తర్వాత ఆ ఆస్పత్రికి ఒక కొత్త నర్సు వచ్చింది. ముప్పై లోపు వయసు, చకచకా నడిచే మనిషి. డిప్రెషన్ మందులు వాడుతున్న ప్రతి ఒక్కరినీ డాక్టరు గదిలోకి పంపే ముందు పక్కన కూర్చోబెట్టి కొన్ని ప్రశ్నలు అడగడం ఆమె వచ్చాకే మొదలైంది. ఏదైనా పెద్ద భయానికో ప్రమాదానికో గురైనవాళ్లలో ఆ దెబ్బ మనసులో అలాగే ఉండిపోతుందని, పైకి అది డిప్రెషన్‌లా కనిపించవచ్చని, రెండూ కలిసే ఉండవచ్చని, అడగకపోతే చాలామంది తమంతట తాము చెప్పరని ఆమెకు శిక్షణలో చెప్పారు.

ఇస్త్రీ అక్క వంతు వచ్చింది. టీకాలు వేసే గదిలో కూర్చున్నారు ఇద్దరూ.

"ఎప్పుడైనా మీకు బాగా భయంకరమైన సంఘటన ఏదైనా జరిగిందా అక్కా? యాక్సిడెంటు, అగ్నిప్రమాదం, ఎవరైనా దాడి చేయడం, కళ్లముందు ఎవరైనా చనిపోవడం, అలాంటివి."

ఆమె నిజాయితీగానే ఆలోచించింది. మంటలు లేవు. దెబ్బలు లేవు. ఎవరూ చావలేదు.

"లేదు సిస్టర్."

మొదటి ప్రశ్నకి లేదంటే మిగతావి అడగనక్కర్లేదు. నర్సు సరేనంది, లోపలికి వెళ్లమని చెప్పబోయింది. సరిగ్గా అప్పుడే ఆమె వెనక, టీకా మందులు దాచే ఫ్రిజ్ మోటారు చిన్నగా కుదుపు ఇచ్చి గుర్రుమంటూ మొదలైంది. నర్సు దాన్ని పట్టించుకోనే లేదు. కాగితం మీద రాసుకుని తలెత్తేసరికి ఎదురుగా కుర్చీ ఖాళీగా ఉంది. బయటికి వెళ్లి చూస్తే బెంచీలు దాటి, మెట్లు దాటి, రోడ్డు మీద ఎండలో నిలబడి ఉంది ఇస్త్రీ అక్క. సంచీ గదిలోనే వదిలేసింది. నర్సు సంచీ తెచ్చి చేతికిచ్చింది. కళ్లు తిరిగాయి సిస్టర్, పొద్దున ఏమీ తినలేదంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ రోజు డాక్టరుని కలవకుండానే వెళ్లిపోయింది.

నర్సు ఆ సంగతి మర్చిపోలేదు. మరుసటి వారం ఆమె మాత్రల కోసం వస్తే ఆ గదికి కాకుండా కట్లు కట్టే గదికి తీసుకెళ్లింది. ఈసారి భయంకరమైన సంఘటన గురించి అడగలేదు.

"ఆ రోజు ఫ్రిజ్ మోగగానే ఎందుకు లేచి వెళ్లిపోయారక్కా?"

"ఏం లేదు సిస్టర్. అదొక జోకు."

"జోకా?"

"మా పాత పనిలో అందరూ చెప్పుకుని నవ్వుకునేవాళ్లు."

ఎప్పుడూ చెప్పే తీరులోనే నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టింది.

లాండ్రీకి రాకముందు ఆమె ఊరి చివర ఒక కోల్డ్‌స్టోరేజీలో చేసేది. ఐస్‌క్రీము డబ్బాలు, గడ్డకట్టించిన బఠాణీల పెట్టెలు ఉండే పెద్ద గది. పెట్టెల మీద చీటీలు అంటించడం, లారీ వచ్చినప్పుడు సర్ది ఇవ్వడం ఆమె పని. లోపలికి వెళ్లేముందు కంపెనీ వాళ్ల దళసరి కోటు, బూట్లు, చేతి తొడుగులు వేసుకుని, తన చెప్పులు, సంచీ, సంచీలో ఫోను, బయట తలుపు పక్కన అరలో పెట్టాలి. అది నియమం.

ఒక శనివారం. ఆ రోజు మధ్యాహ్నానికే పని కట్టేస్తారు. వెళ్లబోయే ముందు ఆఖరి వరసలో బఠాణీ పెట్టెలకి చీటీలు ఊడిపోయాయని సూపర్‌వైజరు చెప్తే అంటించడానికి లోపలికి వెళ్లింది. వెనక మూలన కూర్చుని అంటిస్తోంది. తలుపు వేసే పనివాడు వచ్చి, లోపల ఎవరైనా ఉన్నారా అని కేకేశాడట. గాలి పంకాల హోరులో ఆమెకి వినబడలేదు. ఆమె చీటీలు అంటిస్తున్న చప్పుడు అతనికీ వినబడలేదు. బయట ఉన్న స్విచ్చి నొక్కి లైటు ఆర్పి, గడియ దించి ఇంటికి వెళ్లిపోయాడు. లోపలి నుంచి తోస్తే తెరుచుకునే మీట ఒకటి ఉండాలి. ఉండేది కూడా. అది వదులై, ఊడి, చేయిస్తాం చేయిస్తాం అంటూనే నెలలు గడిచాయి.

"చీకట్లో కాసేపు తలుపు బాదాను. ఎవరూ లేరు కదా, ఎవరు వింటారు. కూర్చుంటే గడ్డకట్టిపోతానని తెలుసు. అందుకని బఠాణీ పెట్టెలు మోయడం మొదలుపెట్టాను సిస్టర్. చేత్తో తడుముకుంటూ ఈ గోడ దగ్గరవన్నీ ఆ గోడకి చేర్చాను. అయిపోయాక మళ్లీ ఇటు తెచ్చాను. సాయంత్రం వాచ్‌మన్ బాబాయ్ వచ్చి, అరలో నా చెప్పులు చూసి, ఈ అమ్మాయి ఇంకా లోపలే ఉందని తలుపు తీశాడు. సోమవారం సూపర్‌వైజరు వచ్చి చూస్తే సరుకంతా తారుమారు. లబోదిబోమన్నాడు. జీతం లేకుండా ఓవర్‌టైము చేశావని అందరూ ఒకటే నవ్వు. అప్పట్నుంచి నా పేరు ఫ్రిజ్ అక్క."

అక్కడ అందరూ నవ్వేవారు. ఈ నర్సు నవ్వలేదు. ఆమె చేతుల వైపు చూస్తోంది. ఇస్త్రీ అక్క కూడా తన చేతులు చూసుకుంది. ఒళ్లో పెట్టుకున్న సంచీ పట్టీని, వేళ్లు తెల్లబడేలా మెలిపెడుతున్నాయవి.

"మొన్న నేనడిగింది దీని గురించేనక్కా," అంది నర్సు.

"ఎవరికీ ఏమీ కాలేదు కదా సిస్టర్. రెండు కాలివేళ్లకి స్పర్శ పోయింది, అంతే."

అప్పుడు నర్సు మిగిలిన ప్రశ్నలు అడిగింది. దాని గురించి పీడకలలు వస్తుంటాయా, వద్దనుకున్నా గుర్తొస్తుంటుందా? అది గుర్తుచేసే చోట్లకీ వస్తువులకీ దూరంగా తప్పుకుంటున్నారా? చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతున్నారా? మనుషులన్నా పనులన్నా ఏమీ పట్టనట్టు, అన్నీ ఎక్కడో దూరాన ఉన్నట్టు ఉంటోందా? జరిగినదానికి మిమ్మల్నో ఇంకొకరినో నిందించుకోవడం ఆగట్లేదా?

మొదటిదానికి మెల్లగా అవునంది. తర్వాతవాటికి తలాడించింది. చివరిదానికి సంచీ పట్టీ వదిలి, మళ్లీ తలాడించింది. ఇంట్లో ఫ్రిజ్‌లో బట్టలు పెట్టుకున్న సంగతి, ఉక్కపోసే ఇస్త్రీ గదిలో తప్ప ఇంకెక్కడా ఒళ్లు కుదుటపడని సంగతి అడక్కుండానే చెప్పేసింది. చెప్తున్నంతసేపూ తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా నేల చూపులే చూసింది.

నర్సు చెప్పినదంతా విని డాక్టరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఆయన గొంతు ఎప్పటిలాగే నెమ్మదిగా ఉంది. డిప్రెషన్ నిజమే, కానీ దాని పక్కనే ఆ రోజు పట్టిన భయం ఇంకోటి కూర్చుని ఉందమ్మా, మందులు ఒకదాన్ని పట్టుకుంటే రెండోది వెనక్కి లాగుతోంది అన్నాడు. ఈ ప్రశ్నలతోనే జబ్బు తేలిపోదని, వారానికోసారి వచ్చే కౌన్సిలర్‌తో వివరంగా మాట్లాడాలని, అప్పటిదాకా మాత్రలు మానొద్దని చెప్పాడు.

కౌన్సిలర్ ఒక నడివయసు ఆవిడ. ఆస్పత్రి పైగదిలో కూర్చునేది. దుమ్ము పడదు కాబోలు, ఎప్పుడూ తుమ్ముతూ, చేతిరుమాలు వెతుక్కుంటూ, మధ్యమధ్య క్షమించమంటూ ఉండేది. ఆ తుమ్ముల వల్లనే ఇస్త్రీ అక్కకి ఆవిడంటే బెరుకు తగ్గింది. మొదటి రెండుసార్లు ఆవిడ అన్నీ ఓపిగ్గా అడిగి తెలుసుకుని, నర్సు అనుమానం నిజమేనని చెప్పింది. తర్వాత వైద్యం మొదలైంది. వైద్యమంటే ఇంకేమీ కాదు, జరిగినదంతా మళ్లీ చెప్పడమే. కళ్లు మూసుకుని, ఇప్పుడు ఆ గదిలోనే ఉన్నట్టు, మొదటి నుంచి చివరి దాకా, జోకులు లేకుండా.

జోకులు తీసేస్తే ఆ కథ చెప్పడం ఆమెకి రాలేదు. మొదటిసారి చీకటి దగ్గరే నోరు పెగలక ఆగిపోయింది. తర్వాతిసారి పంకాలు ఆగి మళ్లీ మొదలైన చోటికి వచ్చింది. మోటారు ఆగినప్పుడు గది నిశ్శబ్దమైపోయేదట. అది కొంత నయం. అది మళ్లీ కుదుపుతో అందుకుంటే గాలి ముళ్లలా మొహాన కొట్టేది. ఆ కుదుపు కోసం ఎదురుచూడటమే అన్నిటికన్నా కష్టంగా ఉండేదని చెప్పింది. కౌన్సిలర్ ఆమె మాటల్ని ఫోనులో రికార్డు చేసి, ఇంట్లో రోజూ వినమనేది. ఆ ఒంటిగదిలో మంచం మీద కూర్చుని తన గొంతు తనే వినేది. వేరే ఎవరో ఆడమనిషి పక్కగదిలో కూర్చుని చెప్తున్నట్టు ఉండేది. కొన్నిసార్లు ఆ మనిషి మీద జాలేసేది. తన మీద తనకి జాలి కలగడం అదే మొదలు.

చెప్పగా చెప్పగా చీకటి కొంచెం పలచబడింది. అయినా ఎక్కడో ముడి విడటం లేదు. కౌన్సిలర్ ఒక సంగతి కనిపెట్టింది. పెట్టెలు మోసినంతసేపూ ఒక్కొక్క క్షణం నిదానంగా చెప్పే మనిషి, తలుపు తెరుచుకునే చోటికి వచ్చేసరికి ఒక్క గుక్కలో ముగించేస్తోంది. వాచ్‌మన్ చెప్పులు చూసి వచ్చాడు, తలుపు తీశాడు, అంతే.

"తలుపు దగ్గర కాసేపు ఆగుదామా?" అందావిడ ఒకరోజు. "తీశాడు. ముందు ఏం కనిపించింది?"

ఇస్త్రీ అక్క కళ్లు మూసుకునే ఉంది.

"సంచీ."

"ఏ సంచీ?"

"ఆయన చేతిలో. ఖాళీ సంచీ."

ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పని మాట అది. వాచ్‌మన్ చెప్పులు చూడలేదు. ఆమె కోసం రానే లేదు. ముసలాయన మనవరాలి కోసం ఒక ఐస్‌క్రీము డబ్బా ఎత్తుకుపోదామని వచ్చాడు. శనివారం సాయంత్రం ఎవరూ ఉండరని తెలుసు. గడియ తీసి టార్చి వేసేసరికి ఎదురుగా, చేతుల్లో బఠాణీ పెట్టెతో, కనుబొమలు తెల్లగా అయిపోయిన మనిషి నిలబడి ఉంది. ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. తేరుకుని ఆమెను బయటికి నడిపించి, తన కోటు కప్పి, వేడి నీళ్లు తాగించాడు. చేతులు రుద్దుతూ కూర్చున్నాడు. మంచివాడే. కానీ ఆయన ఆమెతో అన్న మొదటి మాట వేరు.

"అమ్మాయ్, నేను ఐస్‌క్రీము కోసం వచ్చానని ఎవరితోనూ అనకు. ఈ ఉద్యోగం పోతే ఈ వయసులో నన్నెవరూ పెట్టుకోరు."

పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి ఆమెకి. అరలో తన చెప్పులు కనిపించాయి.

"మీరు నా చెప్పులు చూసి వచ్చారు బాబాయ్," అంది.

ఆ కథే అందరికీ చెప్పారు ఇద్దరూ. కంపెనీ వాళ్లు సంతోషించి, అందరినీ పోగుచేసి వాచ్‌మన్‌కి ఒక గోడగడియారం బహుమతిగా ఇచ్చారు. ఆమె కూడా చప్పట్లు కొట్టింది. నీ చెప్పులే నిన్ను కాపాడాయి, వాటిని పారెయ్యకు అని ప్రతివాళ్లూ అంటుంటే నవ్వింది. ఎన్నాళ్లో నవ్వలేక, కొన్ని నెలలకి ఆ పని మానేసింది.

కౌన్సిలర్ ఆ రోజు తుమ్మలేదు. లోపల ఉన్నప్పుడు ఏం ఆలోచించారని మాత్రం అడిగింది.

ఎవరు వస్తారని ఆలోచించాను అంది ఆమె. పెట్టె మోస్తూనే ఒక్కొక్కరినీ తలుచుకుంది. సోమవారం దాకా పని లేదు కాబట్టి తోటివాళ్లు వెతకరు. ఇంటావిడ మెట్ల మీద చప్పుడు లేదేమని అడగదు. అమ్మ ఉంటే సాయంత్రానికే వీధిలోకి వచ్చి నిలబడేది. అమ్మ లేదు. చెల్లెలు ఆదివారం ఫోన్ చేస్తుంది, ఎత్తకపోతే పడుకుందేమో అనుకుంటుంది. ఎంత వెతికినా ఒక్క మనిషి తగల్లేదు. చచ్చిపోతానన్న భయం కన్నా అదే ఎక్కువ తల కొట్టేసినట్టు అనిపించింది. ఆ తర్వాత తలుపు తెరుచుకుంది. క్షణం పాటు, ఎవరో వచ్చారు, నా కోసం వచ్చారు అనుకుంది. ఆ క్షణం ఎంతోసేపు నిలవలేదు.

"ఆయన మీద కోపం లేదండీ. ఎందుకొచ్చినా వచ్చాడు, ఆయన రాకపోతే నేను లేను. కానీ అందరూ చెప్పులు చూసి వచ్చాడట అంటుంటే, నాకు మాత్రం తెలుసు కదా."

చెప్పి, మొదటిసారి గట్టిగా ఏడ్చింది. కౌన్సిలర్ తన చేతిరుమాలు ఇవ్వబోయి, అది తడిసి ఉందని చూసుకుని, లోపలికి వెళ్లి దూది తెచ్చి ఇచ్చింది. తర్వాత ఒకే ఒక ప్రశ్న వేసింది. నా కోసం ఎవరూ రారని ఆ చీకట్లో మీరు తేల్చుకున్నారు కదా, అది నిజమో కాదో ఎవరినైనా అడిగి చూశారా అని. ఏమని అడుగుతానండీ అంది ఈమె.

కానీ అడిగింది. ఆ ఆదివారం చెల్లెలు ఫోన్ చేసి పిల్లాడి పన్ను ఊడిన సంగతి చెప్తుంటే మధ్యలో ఆపి, మొత్తం చెప్పింది. చెల్లెలికి చెప్పుల కథే తెలుసు. సంచీ సంగతి వినడం ఇదే మొదలు.

"ఆ రోజు నేను బయటికి రాకపోతే నీకెప్పుడు తెలిసేదే?"

చెల్లెలు పిల్లల గోల లేని చోటికి వెళ్లి మాట్లాడింది.

"నిజం చెప్పనా అక్కా. ఆదివారం ఎత్తకపోతే పడుకున్నావనుకునేదాన్ని. సోమవారం పిల్లల స్కూలు హడావిడిలో మర్చిపోయేదాన్ని. బుధవారమో గురువారమో గుర్తొచ్చేదేమో."

ఛ, అలా ఎందుకనుకుంటావు, రెక్కలు కట్టుకుని వాలేదాన్ని కదా అని ఆ పిల్ల అనుంటే ఇస్త్రీ అక్క నమ్మేది కాదు. బాగానే ఉన్నానే అని ఎప్పటిలాగే ఫోన్ పెట్టేసేది. ఈ మాట వింటే గుండెలో కలుక్కుమంది. కలుక్కుమన్న చోటే కొంత బరువు దిగింది. ఇన్నాళ్లూ తను పిచ్చిగా ఊహించుకోలేదు. చీకట్లో, చలిలో, తను చూసింది ఉన్నదే. ఉన్నదాన్ని ఇప్పుడు ఇద్దరు చూస్తున్నారు.

"ఇక నుంచి రోజూ చేస్తానక్కా," అంది చెల్లెలు.

"రోజూ వద్దులే. ఏం మాట్లాడుకుంటాం?"

ఇద్దరికీ నవ్వొచ్చింది. చెల్లెలు కొన్నాళ్లు రోజూ చేసింది. తర్వాత అది రోజు విడిచి రోజు అయింది, పిల్లల పరీక్షలప్పుడు ఇంకా తగ్గింది. అయితే ఇప్పుడు ఎత్తకపోతే మళ్లీ చేస్తోంది. అదీ ఎత్తకపోతే ముందే తీసుకుని ఉంచిన ఇంటావిడ నంబరుకి చేస్తోంది. ఒకసారి స్నానంలో ఉంటే ఇంటావిడ మెట్లెక్కి వచ్చి తలుపు దబదబా బాదింది. ఏమైందోనని హడలిపోయాను, నీ చెల్లెలు ప్రాణం తోడేస్తోందని విసుక్కుని, వచ్చిన పనిలో పనిగా మంచం మీద కూర్చుని చాలాసేపు కబుర్లు చెప్పి వెళ్లింది.

అన్నీ చక్కబడిపోలేదు. కౌన్సిలర్ చెప్పినట్టు ఫ్రిజ్‌లో బట్టలు తీసి, ముందు కాసేపు, తర్వాత ఇంకాసేపు ప్లగ్గు పెట్టి దాని పక్కనే కూర్చుంది. మొదట్లో చెమటలు పట్టేవి. ఇప్పుడు పాలు, పెరుగు అందులోనే పెడుతోంది. ఇస్త్రీ గదిలో ఫ్యాను పెట్టించమని తనే అడిగిన రోజున ఓనరు మొహం చూడాల్సిందే. కానీ ఒకరోజు లాండ్రీ ముందు ఐస్‌క్రీము వ్యాను ఆగి, దాని మోటారు హోరెత్తితే కాళ్లూ చేతులూ ఆడక అలాగే నిలబడిపోయింది. ఇస్త్రీపెట్టె కింద ఎవరిదో తెల్ల చొక్కా వీపు మాడిపోయింది. ఆ వారమంతా మళ్లీ గోడకేసి తిరిగి పడుకుంది. నర్సు అప్పటికి బదిలీ అయి వెళ్లిపోయింది. వెళ్లేముందు లాండ్రీకి వచ్చి, ఎప్పుడైనా వెనక్కి జారినట్టు అనిపిస్తే అది మామూలేనక్కా, ఆగిపోకండి అని చెప్పి వెళ్లింది. ఆ మాట పట్టుకుని లేచింది. డాక్టరు మోతాదు కొద్దికొద్దిగా తగ్గిస్తున్నాడు. పర్వాలేదండీ అనడం మాని, నిన్న బాగాలేదు, ఇవాళ నయం అని చెప్తోంది ఆయనకి.

ఒంటరితనం మాత్రం పోలేదు. అది జబ్బు కాదు కాబట్టి మందూ లేదు. సాయంత్రం గది తలుపు తీసి లైటు వేసినప్పుడు లోపల ఎవరూ ఉండరు. వండుకునేది ఒక్కదానికే. పోయినవాళ్లు పోయారు, వెళ్లినవాళ్లు వెళ్లారు. కాకపోతే ఇదివరకు ఆ ఖాళీ తన తప్పనుకునేది, నలుగురికీ తెలిస్తే సిగ్గనుకునేది. ఇప్పుడు అది తన ఇంట్లో సంగతి, అంతే.

మొన్న ఒక ఆదివారం మధ్యాహ్నం ఒక్కతే సినిమాకి వెళ్లింది. ఏసీ హాలు, చీకటి, మూసిన తలుపులు. చివర వరసలో, తలుపు పక్క సీటు అడిగి తీసుకుంది. వెళ్లేముందు చెల్లెలికి చెప్పింది, ఇంటావిడకీ చెప్పింది. లైట్లు ఆరగానే లేచి బయటికి వచ్చేసింది. వరండాలో నిలబడి టీ తాగింది. లోపలికి వెళ్లింది. ఇంకోసారి వచ్చింది. టిక్కెట్లు చింపేవాడు ఆమెని వింతగా చూసి, సినిమా అంత బాగుందా అనడిగాడు. తలుపు ఎలా ఉందో చూస్తున్నానంది. అతను అర్థం కాకపోయినా తలుపు తెరిచి పట్టుకున్నాడు. మూడోసారి వెళ్లి చివరిదాకా కూర్చుంది.

సాయంత్రం చెల్లెలు ఫోన్ చేసి, ఎలా ఉందక్కా అని ఆత్రంగా అడిగింది. కథేం లేదు, పాటలు కూడా బాగాలేవు, నువ్వెళ్లకు అంది ఇస్త్రీ అక్క.